వాయిద్యం వెంట తెచ్చుకోండి

నెల్లూరులో త్యాగరాజ ఆరాధన ముగింపు రోజున, సంగీత విద్యార్థులు, కళాకారుల ముందు ఒక చర్మవైద్యురాలు చేసిన ప్రసంగం.

పెద్దలకు, గురువులకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలూ, మీ ఎడమ చేతులు ఒకసారి పైకెత్తండమ్మా. వేళ్లు నా వైపు పెట్టండి. చాలు, దించండి. దగ్గరికి వచ్చి చూస్తే మీలో ఎవరిది వీణ చెయ్యో, ఎవరిది వయొలిన్ చెయ్యో అడక్కుండానే చెప్పగలను. వీణ అయితే చూపుడు వేలు, నడిమి వేలు కొసల మీద తీగ పడి పడి అడ్డంగా గాడి ఉంటుంది. వయొలిన్ అయితే నాలుగు వేళ్ల కొసలూ గట్టిపడి ఉంటాయి. మృదంగం వాళ్లయితే కుడి చేతి వేళ్లు చూడాలి. చిన్నప్పుడు నేనూ ఆరేళ్లు వీణ నేర్చుకున్నాను. మెడిసిన్‌లో సీటు వచ్చాక వదిలేశాను. నా వేళ్ల మీద గాడి పోయింది. పోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నన్ను పిలిచినవాళ్లు "చర్మం గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను మొదట చెప్పాల్సింది నేను చేసిన ఒక తప్పు.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక పెద్దాయన వచ్చారు. రెండు పెదవులూ పగిలి, చుట్టూ నల్లగా, పొట్టు రేగి ఉన్నాయి. నోట్లో తాంబూలం ఉంది. నేను ఇంకేమీ అడగలేదు. సున్నం ఎక్కువై పెదవి పొక్కిందని తేల్చేసి, తాంబూలం మానమని చెప్పి, పూత మందు రాసిచ్చాను. పాపం ఆయన మానేశారు కూడా. తగ్గింది. మూడు నెలలకు మళ్లీ వచ్చారు. మళ్లీ అదే మందు, మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. ఇలా ఏడాదిన్నర. చివరికి విసుగొచ్చి, మీరు మానలేదు, నాతో అబద్ధం చెబుతున్నారు అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. నిదానంగా ఒక మాట చెప్పారు. "ఆషాఢమంతా బాగానే ఉంటాది డాక్టరమ్మా. మూఢం వచ్చినా బాగుంటాది. ముహూర్తాలు మొదలైతే మళ్లీ మామూలే."

అప్పుడు అడిగాను, మీరేం చేస్తారని. నాదస్వరం అన్నారు.

పెళ్లిళ్ల సీజన్లో తెల్లవారుజాము ముహూర్తానికొకటి, పగలు ముహూర్తానికొకటి, రోజుకు ఆరేడు గంటలు ఊదుతారు. నాదస్వరం కొసన పెట్టి ఊదే పీకను ముందు నోట్లో పెట్టుకుని నానబెడతారు. వాయిస్తున్నంతసేపూ పెదవులు దాన్ని బిగించి పట్టుకుంటాయి. ఉమ్మి ఊరుతూనే ఉంటుంది. ఉమ్మిలో అన్నం అరిగించే పదార్థాలున్నాయి. అవి పెదవి మీద గంటల తరబడి నిలిస్తే అక్కడి చర్మాన్నీ కొరుకుతాయి. దానికి రాపిడి తోడైంది, గాలి తోడైంది. ఆయన రోగానికి పంచాంగమే సాక్ష్యం చెబుతుంటే నేను సున్నం దగ్గర ఆగిపోయాను. మర్నాడు నాదస్వరం తీసుకురమ్మన్నాను. నా గదిలోనే వాయించారు. పెదవి మీద మచ్చ ఎంతమేర ఉందో, పీక పక్కన పెదవి కండరం బిగిసే మేర కూడా అంతే ఉంది.

ఆ తర్వాత ఆయనకిచ్చిన వైద్యం చాలా చిన్నది. కచేరీ అయిన వెంటనే మంచినీళ్లతో పెదవులు కడుక్కుని, తడి అద్ది, వాసన, రంగు లేని మామూలు వాజలీన్ రాసుకోవాలి. రాత్రి పడుకునేముందు ఇంకోసారి. వాయించే ముందు రాసుకోమంటే, "జారిపోతుందమ్మా, పీక నిలవదు" అన్నారు. ఆయన చెప్పింది నిజం. అందుకని ముందు వద్దు, తర్వాతే అనుకున్నాం. నాలుకతో పెదవులు తడుపుకునే అలవాటు తగ్గించుకోమన్నాను. ఆ మాఘమాసం ఆయన పెదవులు పగలకుండా గడిచింది.

మన ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబు గారు శ్రీరంగం వెళ్లి స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. నాదస్వరం అంటే మన రెండు జిల్లాలకు అంత దగ్గరి విషయం. అలాంటి నేల మీద చదువుకున్న డాక్టరుని, పెదవి పగిలిన మనిషిని ఏం వాయిస్తారని అడగకుండా ఏడాదిన్నర తిప్పాను. అందుకే ఇవాళ మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ వాయిద్యం వెంట తీసుకెళ్లండి. తీసుకెళ్లలేనంత పెద్దదైతే వాయిస్తుండగా ఫోన్లో వీడియో తీసి చూపించండి. డాక్టర్ అడక్కపోయినా చెప్పండి.

వాయిద్యాన్ని చూడకుండా వైద్యం మాట్లాడితే ఎంత దూరం పోతుందో వైద్యశాస్త్రంలోనే ఒక కథ ఉంది. 1974లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఒక డాక్టరు, గిటారు అంచు ఒత్తుకుని అమ్మాయిలకు రొమ్ము మొన దగ్గర వాపు వస్తోందని రాశారు. దాన్ని చూసి ఎలెయిన్ మర్ఫీ అనే ఆవిడ, ఆమె భర్త కలిసి, సెల్లో వాయించే మగవాళ్లకు వృషణాల తిత్తి మీద చర్మం రేగుతోందని సరదాకి ఒక ఉత్తరం కల్పించి పంపారు. జర్నల్ దాన్ని అచ్చు వేసింది. తర్వాత వేరే డాక్టర్లు తమ వ్యాసాల్లో దాన్ని నిజమనే ఉదహరించారు. 2009లో ఆవిడే ముందుకొచ్చి అది కల్పితమని ఒప్పుకునే దాకా, దాదాపు 35 ఏళ్లు, ఆ జబ్బు ఉందనే చెలామణీ అయింది. సెల్లో వాయించేవాళ్లను ఒక్కసారి ఎదురుగా కూర్చుని చూస్తే చాలు, ఆ వాయిద్యం అక్కడ తగలదని తెలిసిపోతుంది. అన్నేళ్లూ దాన్ని తిరగరాసినవాళ్లు ఆ పని చేయలేదు.

సరే, ఇప్పుడు మన చేతుల సంగతికి వద్దాం.

కాయ కాయడం జబ్బు కాదు. చర్మం మీద ఒకేచోట మళ్లీ మళ్లీ ఒత్తిడి పడితే పైపొర మందమవుతుంది. అది రక్షణ. వీణ తీగను పక్కకు లాగి, స్వరాన్ని ఊపుతూ గమకం పలికించాలంటే ఆ మందం ఉండాల్సిందే. మొదటి రెండు మూడు నెలలు పిల్లల వేళ్లు బొబ్బలెక్కుతాయి. అప్పుడు రెండు రోజులు ఆపండి, లేదా పది నిమిషాల చొప్పున వాయించండి. బొబ్బ మీదనే వాయిస్తే పైపొర ఊడి పుండవుతుంది గానీ కాయ కాయదు. ఈ మాట గురువులు చెబితేనే పిల్లలు వింటారు. దయచేసి చెప్పండి. నొప్పి ఓర్చుకుంటేనే విద్య వస్తుందని ఏడెనిమిదేళ్ల పిల్లకు చెప్పకండి.

కాయను బ్లేడుతో కోసుకునేవాళ్లున్నారు. ఆనెకాయలకు వేసే పట్టీలు తెచ్చి వేలికి అంటించుకునేవాళ్లున్నారు. ఆ పట్టీల్లో సాలిసిలిక్ ఆసిడ్ ఉంటుంది. అది కాయతో పాటు చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ కరిగిస్తుంది. గరుకు ఎక్కువై తీగకు తట్టుకుంటుంటే, స్నానం తర్వాత మెత్తగా ఉన్నప్పుడు గోళ్ల ఆకురాయితో కొంచెం రుద్దుకోండి. అంతవరకే. వీణ పక్కన కొబ్బరినూనె దూది పెట్టుకోవడం మన పెద్దల అలవాటు. చాలా మంచి అలవాటు. తీగ మీద వేలు జారడానికే కాదు, కాయ పగలకుండా ఉండడానికీ పనికొస్తుంది. ఆ దూది మాత్రం రోజూ మార్చండి. నెలల తరబడి అదే దూది, అదే చెమట, అదే దుమ్ము ఉంటే గోరుచుట్టు వస్తుంది. వేలు పగిలితే ఫెవిక్విక్ వేసి అతికించుకుని కచేరీకి కూర్చున్నామని కొందరు చెప్పారు. ఆ జిగురు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, కొందరికి దాని వల్లే ఎలర్జీ వస్తుంది. వద్దు.

ఒకసారి ఒక తల్లి, పెళ్లీడుకొచ్చిన కూతుర్ని తీసుకొచ్చింది. అమ్మాయి పన్నెండేళ్లుగా వీణ వాయిస్తోంది. వేళ్ల మీద నల్లగీతలు. "వచ్చే నెల పెళ్లిచూపులమ్మా, ఆ గీతలు పోయేటట్టు ఏదైనా లేజర్ గానీ పూత గానీ చెప్పండి" అంది. ఆ పిల్ల చేతులు ఒడిలో దాచుకుంది. ఆ దాచుకోవడం చూస్తే నాకు దుఃఖం వచ్చింది. పన్నెండేళ్లు పొద్దున్నే లేచి సాధన చేసిన చేతులవి. మందు ఏదీ రాయలేదు. వాయించడం మానేస్తే కొన్ని నెలల్లో అవే పోతాయి, మానాలా అని అడిగాను. వాళ్లమ్మే "వద్దులెండి" అని లేచింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఇక్కడున్న తల్లిదండ్రులకు చేతులు జోడించి అడుగుతున్నాను, ఆ గీతల్ని మచ్చలని అనకండి.

ఎప్పుడు భయపడాలో కూడా చెప్పాలి. దురద పెడితే, నీరు కారితే, చీము పడితే, పగులు వారం దాటినా మానకపోతే చూపించుకోండి. వీటన్నిటికంటే నేను ఎక్కువ పట్టించుకునేది ఒకటుంది. నొప్పి లేకపోవడం. కాయ ఉన్నచోట స్పర్శ కాస్త తగ్గుతుంది, అది మామూలే. కానీ కాయ లేని చోట కూడా తెలియకపోతే, చెయ్యి మీదో మోచేతి మీదో పాలిపోయిన మచ్చ ఉండి అక్కడ వేడీ చల్లనా తెలియకపోతే, చిటికెన వేలు వంకర తిరుగుతుంటే, "సాధన ఎక్కువైంది, తిమ్మిరెక్కింది" అని సరిపెట్టుకోకండి. అది కుష్ఠు కావచ్చు. ఆ పేరు వినగానే భయపడాల్సిన కాలం పోయింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితంగా ఇస్తారు, ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. ఆలస్యం చేస్తేనే నరం పాడై వేళ్లు పనికిరాకుండా పోతాయి. వాయించే చేతికి అంతకన్నా నష్టం లేదు. షుగర్ ఉన్న పెద్ద విద్వాంసులకూ ఇదే మాట. స్పర్శ తగ్గిన వేలికి దెబ్బ తగిలినా తెలియదు.

వయొలిన్. పాశ్చాత్య పద్ధతిలో నిలబడి గడ్డం కింద నొక్కి పట్టుకుని వాయించేవాళ్లకు మెడ ఎడమవైపు, దవడ కింద నల్లగా మందంగా మచ్చ పడుతుంది. కొందరికి కురుపుల్లా లేస్తుంది. ఇంగ్లీషులో దానికి ఫిడ్లర్స్ నెక్ అని పేరే ఉంది. తెలియని డాక్టరు అది గ్రంథి వాపనుకుని పరీక్షల మీద పరీక్షలు రాసే ప్రమాదం ఉంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ వాయిద్యాన్ని మన సంగీతంలోకి తెచ్చాక, మనవాళ్లు కింద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆన్చి, రెండో కొసను ఎడమ భుజానికి, రొమ్ముకు ఆన్చి వాయించడం స్థిరపడింది. దాంతో మెడ బతికిపోయింది. భారం పాదం మీద పడింది. కర్ణాటక వయొలిన్ వాళ్ల కుడి పాదం లోపలివైపు, చీలమండ దగ్గర ఒక నల్లటి గట్టి మచ్చ ఉంటుంది. రోజూ బాసింపట్టు వేసుకుని కూర్చోవడం వల్ల చీలమండల బయటివైపు కాయలు ఉంటాయి. ఒక మెత్తటి నూలు గుడ్డ మడిచి పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు సినిమా పాటలకనీ, చర్చి క్వయర్లలోకనీ గడ్డం కింద పట్టుకునే ఆ పాశ్చాత్య పద్ధతి నేర్చుకునే పిల్లలు ఎక్కువయ్యారు. వాళ్లు గడ్డం కింద గుడ్డ వేసుకోవాలి, దాన్ని రోజూ ఉతకాలి. గడ్డం ఆన్చే చిన్‌రెస్ట్ ఏ చెక్కతో చేసిందో చూసుకోండి. జిట్రేగి చెక్క కొందరికి పడదు. దాన్ని బిగించే లోహపు క్లిప్పులో నికెల్ ఉంటే ఆ క్లిప్పు ఆకారంలోనే చర్మం ఎర్రబడుతుంది.

ఇంకొకటి కమానుకు రాసే రోజిన్. పైన్ చెట్టు బంక నుంచి టర్పెంటైన్ తీశాక మిగిలేది అది. గాలి తగిలి పాతబడేకొద్దీ దానిలో ఎలర్జీ పుట్టించే పదార్థాలు పెరుగుతాయి. రోజిన్ పొడి వేళ్ల మీద, మెడ మీద, కళ్లకు చెయ్యి తగిలితే కనురెప్పల మీద కూడా పడుతుంది. దెబ్బకు అంటించే ప్లాస్టరు కింద దద్దుర్లు వచ్చే మనిషికి రోజిన్ కూడా పడకపోయే అవకాశం ఉంది, ఎందుకంటే కొన్ని ప్లాస్టర్ల జిగురులో ఉండేది అదే.

నికెల్ అన్నాను కదా. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి తమ్మెలు కారుతున్నాయా? జీన్స్ గుండీ దగ్గర బొడ్డు కింద దురద వస్తోందా? అయితే గిటారు తీగలతో, నికెల్ పూత వేసిన ట్రంపెట్, క్లారినెట్ మీటలతో జాగ్రత్త. దీన్ని తేల్చే పద్ధతి ప్యాచ్ టెస్ట్. అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద చిన్న చిన్న బిళ్లలుగా అంటిస్తాం. రెండు రోజులు వీపు తడపకూడదు, చెమట పట్టకూడదు. తీశాక ఒకసారి, మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తాం. మన నెల్లూరు ఎండల్లో, మేలో అయితే, ఈ టెస్ట్ చేయించడం ఎవరికైనా కష్టమే. నేను చలికాలంలోనే రమ్మంటాను. ఇదిగో ఇప్పుడే మంచి సమయం.

పెళ్లి బ్యాండు సెట్లలో ఒకే ట్రంపెట్‌ను ఇద్దరు ముగ్గురు మార్చుకుని ఊదుతారు. పెదవి మీద నీటి పొక్కులు లేచినవాళ్లు ఊదిన మౌత్‌పీసును ఇంకొకరు నోట పెట్టుకోకూడదు. ఆ పొక్కులు చాలావరకు హెర్పిస్, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఎవరి మౌత్‌పీసు వాళ్లు జేబులో పెట్టుకోవడం ఒక్కటే దారి.

ఇక డోలు, మృదంగం, పలక అనే డప్పు. ఈ ముగ్గురి దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే వీళ్లే నా దగ్గరికి తక్కువ వస్తారు.

మృదంగానికి కుడివైపు నడుమ నల్లటి గట్టి మరక ఉంటుంది కదా, ఇనుము ఉన్న రాతిపొడి, అన్నం కలిపి మెత్తి రుద్దింది. దాని మీద వేలు కొడితే గరుకు కాగితం మీద కొట్టినట్టే. కచేరీలో తాళవాద్యం ఒక్కటే వాయించే తని ఆవర్తనం అయ్యాక ఉంగరం వేలి కొసన రక్తం చూసుకున్న విద్వాంసులు ఇక్కడే ఉంటారు. డోలు వాయించేవాళ్లు కుడి చేతి వేళ్లకు గుడ్డ చుట్టి గట్టిపరిచిన తొడుగులు వేసుకుంటారు. బయట ఆ తొడుగు కాపాడుతుంది. లోపల చెమటకు దారి లేదు. గంటల తర్వాత తీస్తే వేళ్లు నానిన శనగల్లా ఉంటాయి. అక్కడ ఫంగస్ పట్టడం తేలిక. విరామం దొరికినప్పుడల్లా తీసి ఆరనివ్వండి. తొడుగులు రెండు జతలు పెట్టుకుని, ఒకటి ఎండలో ఆరుతుంటే ఇంకొకటి వాడండి. భుజం మీద డోలు పట్టా ఒరుసుకున్న చోట మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. పట్టా కింద పొడి తువ్వాలు వేసుకుని, ఇంటికి రాగానే స్నానం చేస్తే చాలావరకు అవే తగ్గుతాయి.

పలక కొట్టేవాళ్ల సంగతి వేరు. మొన్నటిదాకా మన జిల్లాలోనే ఉన్న వెంకటగిరిలో పోలేరమ్మ జాతర చూసినవాళ్లకు తెలుసు, రాత్రంతా ఆగకుండా కొడతారు. గడ్డి మంట వేసి పలకను కాచి, వేడిగా ఉండగానే ఎత్తుకుంటారు. చేతి మీద వేడికి కమిలిన మచ్చలుంటాయి. కొట్టే పుల్ల, అదే చిర్ర, పట్టిన కుడి అరచేయి కాయలు కాస్తుంది. పలక అంచు ఆనుకున్న ఎడమ చేయి, రొమ్ము ఒరుసుకుపోతాయి. పట్టు జారకుండా చిర్రకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకున్న ఒక అబ్బాయి అరచేయి మొత్తం తామర పట్టినట్టు ఎర్రగా నీరు కారుతూ వచ్చాడు. ఆ నల్లరబ్బరులో కలిపే రసాయనాలు కొందరికి పడవు. ట్యూబు తీసేసి నూలుగుడ్డ చుట్టుకోమన్నాను. రెండు వారాల్లో మానింది.

కానీ ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చేసరికి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలలూ ఏం రాశావు నాయనా అంటే జేబులోంచి ఒక ట్యూబు తీశాడు. మందుల షాపులో అడిగితే ఇచ్చారట. స్టీరాయిడు, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ ఒకదాంట్లోనే కలిపిన క్రీము. మన వైపు ఏ దురదకైనా ఇదే. రాయగానే రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, అందుకే నమ్ముతారు. ఫంగస్ ఉంటే మాత్రం ఆ స్టీరాయిడు దాన్ని లోలోపల పెంచుతుంది. చర్మాన్ని పలచన చేస్తుంది. పలచనైన చర్మంతో పలక కొట్టలేరు, తీగ నొక్కలేరు. మీలో ఎవరి సంచీలోనైనా అలాంటి ట్యూబు ఉంటే డాక్టరుకు చూపించకుండా ఇక రాయకండి. నాలుగు నెలలు ఎందుకు రాలేదని అడిగితే, "పనికి పోకపోతే కూలి పోతాది మేడం, మీరు కొట్టొద్దంటారేమోనని రాలేదు" అన్నాడు.

డాక్టర్లంటే మీకున్న భయం అదేనని నాకప్పుడు తెలిసింది. వాయించొద్దంటారని. మాలో కొందరు అంటారు కూడా. నా తోటి డాక్టర్లు ఈ సభలో ముగ్గురున్నారు, వాళ్లకు కూడా చెబుతున్నాను. వాయించడం మానమని చెప్పడం చాలా తేలిక. పట్టు మార్చొచ్చా, తీగ మార్చొచ్చా, గుడ్డ వేయొచ్చా, సాధన గంటల్ని విడదీయొచ్చా అని ఆలోచించాలంటే వాయిద్యం ఎదురుగా ఉండాలి. గురువుగారిని కూడా రమ్మనాలి. ఏ మార్పుకు నాదం చెడుతుందో ఏ మార్పుకు చెడదో నాకు తెలియదు, ఆయనకు తెలుస్తుంది. నాదస్వరం ఊదే ముందు వాజలీన్ పనికిరాదని నాకు నేర్పింది నా పేషెంటే.

ఇంకో పది పదిహేను రోజుల్లో మాఘం వస్తుంది. ముహూర్తాలు మొదలైతే మీలో సగం మందికి నిద్ర ఉండదు, డాక్టరు దగ్గరికి వచ్చే తీరిక అసలుండదు. ఇవాళ పంచరత్నాలు పాడడానికి, వాయించడానికి వచ్చారు కాబట్టి ఎవరి వాయిద్యం వాళ్ల దగ్గరే ఉంది. స్టేజీ వెనక గదిలో ఒక బల్ల, మంచి దీపం పెట్టించాను. సాయంత్రం కచేరీ మొదలయ్యేదాకా అక్కడే కూర్చుంటాను. ఫీజు లేదు. పలక కొట్టే అన్నలు నలుగురు బయట అరుగు మీద కూర్చుని వింటున్నారు. ముందు వాళ్లు రండి. మీ చిర్రలు కూడా తీసుకురండి.